పెద్దతాత డబ్బాలో సిగరెట్ కార్డులు దొరికాయి, వాటి మీది బట్టలను ఎలా చూడాలో చెప్పండి

పాతసందుగ, నల్గొండ

అందరికీ నమస్కారం. దసరాకు ముందు దేవరకొండ దగ్గర మా ఊళ్ళో పాత ఇంటికి సున్నం వేయిద్దామని సామానంతా బయట పెడుతుంటే, సందుగ అడుగున పంచెల కింద ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. లోపల ఉర్దూ పేపరు ముక్కలో చుట్టిన చిన్న చిన్న రంగుల బొమ్మలు, లెక్కపెడితే 37 ఉన్నాయి. అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు. స్కేలు పెట్టి కొలిస్తే ఎత్తు 68 మిల్లీమీటర్లు, వెడల్పు 36.

వెనక వైపు చదివితే ఇవి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన కార్డులని తెలిసింది. 31 కార్డుల మీద విల్స్ కంపెనీ పేరు, ఇంగ్లిష్ పీరియడ్ కాస్ట్యూమ్స్ (ఒక్కో కాలపు ఇంగ్లిష్ బట్టలు) అన్న పేరు ఉన్నాయి, మొత్తం 50 బొమ్మల వరుసట. నాలుగు ప్లేయర్స్ కంపెనీవి, డాండీస్, అంటే సోగ్గాళ్ళు, అని ఉంది. మిగిలిన రెండింటికి వెనక కాగితం ఊడిపోయింది, ఎవరో ఎక్కడో అతికించి పీకినట్టుంది.

ఇవి మా పెద్దతాతవి, అంటే మా తాతకు అన్న. ఆయన సికింద్రాబాద్ తిరుమలగిరి కంటోన్మెంట్‌లో దొరల మెస్సులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేవాడట, పోలీస్ యాక్షన్‌కు ముందే ఊరికి తిరిగొచ్చేశాడు. ఇంగ్లిష్ చదవడం రాదు. చుట్ట తాగేవాడు గానీ సిగరెట్ ముట్టినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, కాబట్టి దొరలు పారేసిన పెట్టెల్లోంచి తీసి దాచుకుని ఉంటాడని మా నాన్న అంటున్నాడు.

నా బాధ ఏమిటంటే, ఇన్నేళ్ళు ఆయన దాచుకున్నవి నేను ఐదు నిమిషాల్లో తిప్పేసి పక్కన పెట్టేశాను. టోపీలు, గౌన్లు, కత్తులు, అంతే కనబడింది. రాత్రి పడుకున్నాక అది సరిగా అనిపించలేదు. మళ్ళీ లేచి ఒక్కటి తీసుకుని చూశాను. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు (1500ల చివరి) ఆడమనిషి, మెడ చుట్టూ బండిచక్రం లాంటి తెల్ల కాలర్, కింద గంప బోర్లించినట్టు లంగా. ముఖం కందిగింజంత కూడా లేదు, అందులోనే కళ్ళు, ముక్కు, పెదవులు అన్నీ ఉన్నాయి. కానీ లంగా మీద ఒక్క మడత కూడా గీయలేదు, రేకు డబ్బా లాగా ఉంది. గీసినాయన తొందరపడ్డాడేమో అనుకున్నాను.

ఇవి చేత్తో వేసినవా, అచ్చు వేసినవా? ముఖం మీద కనీకనబడకుండా చుక్కలు ఉన్నాయి, అవేమిటి? ఇలాంటి బొమ్మను దగ్గరగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. తొందరేమీ లేదు, ఓపికగా చూడాలనే అడుగుతున్నాను.


రంగులప్రెస్, మహబూబ్‌నగర్

తమ్ముడూ, నేను 22 ఏళ్ళ నుంచి ప్రెస్‌లో ఉన్నాను, పెళ్ళి కార్డులు, క్యాలెండర్లు, లేబుళ్ళు వేస్తాం. పాత కార్డులు పెద్దగా సేకరించలేదు గానీ అచ్చు సంగతి చెప్పగలను. ముందు ఒక లూప్ సంపాదించు. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంట్లో పెట్టుకునే అద్దమైనా సరే, కంసాలి దగ్గరిదైనా సరే, పదింతలు పెద్దగా చూపిస్తే చాలు. ఫోన్ కెమెరా జూమ్ మీద ఆధారపడకు, అది చుక్కల్ని కలిపేసి నున్నగా చేసి చూపిస్తుంది, నీకు కావలసిందేమో ఆ చుక్కలే.

చుక్కలు రెండు రకాలు. గళ్ళ చీరలాగా ఒకే దూరంలో, ఒకే కోణంలో వరుసగా ఉంటే అది కెమెరాతో స్క్రీన్ పెట్టి చేసిన పని. ఇవాళ మా దగ్గర జరిగేది కూడా అదే, నాలుగు రంగుల చుక్కలు పక్కపక్కన పడి కంటికి వంద రంగులుగా కనిపిస్తాయి. అలా కాకుండా చుక్కలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకచోట గుంపుగా, ఇంకోచోట పల్చగా, చేత్తో ఆవాలు చల్లినట్టు ఉంటే అవి మనిషి వేసినవి. రాయి మీద కూర్చుని కలంతో ఒక్కో చుక్కా పెట్టాడన్నమాట. దాన్ని క్రోమోలిథో అంటారు.

రాయి అంటే నిజంగా రాయే. మన షాబాద్ బండ ఎలా సున్నపురాయో, అదీ సున్నపురాయే, కాకపోతే బాగా సన్నని రేణువు ఉన్నది, జర్మనీలో సోల్న్‌హోఫెన్ అనే చోట దొరికేది పేరుపడ్డది. జిడ్డు ఉన్న సిరాతో రాయి మీద గీస్తారు, తర్వాత నీళ్ళు తడుపుతారు, అచ్చు సిరా జిడ్డు ఉన్నచోటే పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు. 1790ల చివర్లో సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టాడు. ఈరోజుకీ మా ఆఫ్‌సెట్ మెషిన్ లోపల జరిగేది ఇదే, రాయి పోయి ప్లేటు వచ్చింది, ప్లేటుకూ కాగితానికీ మధ్య రబ్బరు చుట్టిన రోలర్ వచ్చింది, అంతే తేడా. క్రోమోలిథోలో ఒక్కో రంగుకు ఒక్కో రాయి. చర్మానికి లేత గులాబీ ఒకటి, నీడకు గోధుమ ఒకటి, పెదవికి ఎరుపు ఒకటి, ఇలా ఎనిమిది, పది, అంతకన్నా ఎక్కువ రాళ్ళు కూడా వాడేవారు. కాగితం అన్నిసార్లూ ఒకేచోట కూర్చోవాలి. ఏ ఒక్కసారి వెంట్రుకవాసి జరిగినా పెదవి ఎరుపు బుగ్గ మీదికి పోతుంది. మేం దాన్ని రిజిస్టర్ కుదరలేదు అంటాం, అది కుదిర్చేటప్పుడు ఉండే టెన్షన్ నాకు తెలుసు, అందుకే కందిగింజంత ముఖంలో పెదవి పెదవి మీదే పడిందంటే ఆ ప్రెస్ వాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో మాట. తెల్లరంగుకు రాయి అక్కర్లేదు, తెలుపు అంటే అట్టే. నువ్వు చెప్పిన తెల్ల కాలర్‌ను లూప్‌తో చూడు, అక్కడ చాలా మేరకు రంగే ఉండదు, నీడ గీతలు మాత్రం ఉంటాయి.

ఇవి పాతవేనా అన్న అనుమానం ఉంటే ఏదైనా కిరాణా షాపులో నోట్లు చూసే నీలం లైటు కింద పెట్టి చూడు. 1950 తర్వాత కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేసే మందులు కలపడం మామూలైంది, అవి ఉన్న కాగితం ఆ లైటు కింద నీలంగా మెరుస్తుంది. పాత అట్ట మెరవదు, మబ్బుగా ఉండిపోతుంది. పాత బొమ్మల్ని మళ్ళీ అచ్చు వేసి అమ్మేవి చాలా ఉన్నాయి, అవి ఇక్కడే దొరికిపోతాయి.


జోగుళాంబ బాయ్స్, గద్వాల

అన్నా ఇవి కోట్లు చేస్తాయి, నేను ఒక వీడియో చూశాను, అమెరికాలో ఒక్క సిగరెట్ కార్డు కోట్లకు పోయింది. ముందు అన్నీ లామినేషన్ చేయించి పెట్టు, మీ నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఇరవై ముప్పై రూపాయలకు చేస్తారు, పాడవకుండా ఉంటాయి.


రంగులప్రెస్, మహబూబ్‌నగర్

లామినేషన్ మాత్రం వద్దు, దయచేసి వద్దు. అది వేడి పెట్టి గమ్ము కరిగించి అట్టలోకి దింపేస్తుంది, మళ్ళీ తీయడం అంటూ ఉండదు. పైగా లూప్ కింద నీకు ప్లాస్టిక్ మెరుపే కనిపిస్తుంది, సిరా కనిపించదు.


వనపర్తి మాస్టారు

గద్వాల తమ్ముడు చెప్పిన కార్డు నిజమే, కానీ అది బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్నది, 1909, 1911 మధ్య అమెరికాలో వచ్చింది, చాలా కొద్ది మాత్రమే మిగిలాయి. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. నల్గొండ బాబు దగ్గరున్నవి వేరు. విల్స్ వాళ్ళ ఇంగ్లిష్ పీరియడ్ కాస్ట్యూమ్స్ 1929లో, ప్లేయర్స్ వాళ్ళ డాండీస్ 1932లో వచ్చాయి, రెండూ విపరీతంగా అచ్చయ్యాయి, పూర్తి సెట్లు కూడా ఇంగ్లండులో పెద్ద ఖరీదు లేకుండానే దొరుకుతాయి. అమ్మితే వచ్చేది తక్కువ, కాబట్టి నిశ్చింతగా దగ్గర పెట్టుకుని చూడు బాబూ.

నేను 34 ఏళ్ళు సోషల్ చెప్పాను, ఈ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం, కొంచెం ఎక్కువ రాస్తాను. మొదట ఇవి బొమ్మల కోసం పుట్టినవి కావు. అప్పట్లో సిగరెట్లు మెత్తటి కాగితం పొట్లాల్లో వచ్చేవి, నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట ఖాళీగా ఎందుకుండాలని దాని మీద బొమ్మ వేశారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ఆలెన్ అండ్ గింటర్ అనే కంపెనీ 1880లలో దీన్ని బాగా నడిపింది. నటీమణులు, పక్షులు, జెండాలు, ఆటగాళ్ళు, ఏదైనా సరే 50 బొమ్మల వరుసగా వేస్తే మనిషి మిగిలినవాటి కోసం మళ్ళీ అదే సిగరెట్ కొంటాడు, ఇంట్లో పిల్లలు నాన్నను అదే కొనమంటారు. అది పొగాకు అమ్ముకునే ఉపాయమే, అందులో మనం మెచ్చుకోవలసింది ఏమీ లేదు. కానీ ఆ ఉపాయం కోసం పెట్టిన మనుషులు మాత్రం పని తెలిసినవాళ్ళు. ఇంగ్లండులో విల్స్, ప్లేయర్స్ 1890ల నుంచి వేశారు. 1901లో ఇంగ్లండు కంపెనీలు కలిసి ఇంపీరియల్ టొబాకో అయ్యాయి, నీ కార్డుల వెనక ఆ పేరు కనిపిస్తే 1901 తర్వాతిదని వెంటనే చెప్పేయవచ్చు. మొదటి యుద్ధంలో 1917లో ఆగిపోయాయి, 1922 నుంచి మళ్ళీ వచ్చాయి, రెండో యుద్ధంలో కాగితం కరువై 1940లో ఇక ఆగిపోయాయి. మీ పెద్దతాత కంటోన్మెంట్ రోజులు సరిగ్గా ఆ మధ్యలోవి.

ఇప్పుడు బట్టల గురించి. ఆలెన్ అండ్ గింటర్ 1886లో నేటివ్స్ ఇన్ కాస్ట్యూమ్ అని 50 బొమ్మల వరుస వేసింది, రకరకాల దేశాల మనుషులు వాళ్ళ వాళ్ళ బట్టల్లో. కంపెనీ రిచ్‌మండ్‌లో, వాళ్ళ కార్డులు చాలావరకు అచ్చయ్యేది న్యూయార్క్‌లో. అక్కడ రాయి ముందు కూర్చున్న మనిషి ఆ దేశాలన్నీ తిరిగి చూసి గీశాడా? పాత పుస్తకాల్లోని బొమ్మలు, ఫొటోలు ముందు పెట్టుకుని గీస్తారు. ఒక దేశానికి ఒక మనిషి, ఒక బట్ట. మన దగ్గరే చూడండి, దేవరకొండ తండాల్లో లంబాడా ఆడవాళ్ళ అద్దాల కాంచళి వేరు, పెద్ద గాగ్రా వేరు, నారాయణపేట గళ్ళ చీర వేరు, గద్వాల జరీ కొంగు వేరు, ఒక్క పూట బస్సు ప్రయాణంలో మూడు లోకాలు. దీన్నంతా కలిపి ఇండియా అని ఒక్క బొమ్మ వేస్తే ఏం మిగులుతుంది? మన దేశంలోనే ఇంగ్లిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా ది పీపుల్ ఆఫ్ ఇండియా అని ఎనిమిది సంపుటాల ఫొటోలు వేసింది, అందులోనూ మనిషికి పేరు ఉండదు చాలాచోట్ల, కులం పేరో తెగ పేరో ఉంటుంది. కాబట్టి కాస్ట్యూమ్ బొమ్మ చూసేటప్పుడు నేను ఎప్పుడూ ఒక ప్రశ్న పక్కన పెట్టుకుంటాను. ఈ గీసిన మనిషి బట్టను చూశాడా, బట్ట బొమ్మను చూశాడా?

ఇంకొన్ని చూడాలనిపిస్తే న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, మెట్రోపాలిటన్ మ్యూజియం ఇలాంటి కార్డుల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టాయి. మెట్రోపాలిటన్‌కు బర్డిక్ అనే ఆయన జీవితమంతా పోగేసిన అచ్చు కాగితాలు మూడు లక్షలకు పైగా ఇచ్చాడు, చేతుల్లో కీళ్ళనొప్పులతోనే కూర్చుని వాటిని ఆల్బమ్‌లలో అతికించాడు, 1963లో పోయాడు.


పడుగుపేక, పుట్టపాక

మాస్టారు గారి ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. మాది పుట్టపాక, ఇంట్లో తేలియా రుమాళ్ళు నేస్తారు, చిన్నప్పుడు చిటికి కట్టడం నేనూ చేశాను. బట్ట గురించి మాత్రమే చెప్తాను తమ్ముడూ.

ముందు నీ లంగా సంగతి. మడతలు లేవు కాబట్టి తొందరపడ్డాడు అన్నావు. కాదు. ఆ కాలంలో ఇంగ్లండులో కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు లంగా లోపల ఫార్తింగేల్ అని ఇంకోటి కట్టుకునేవారు, దానికి బెత్తమో, తిమింగలం నోట్లో ఉండే గట్టి పట్టీలో చుట్టలు చుట్టలుగా కుట్టి ఉంటాయి. పైబట్ట దాని మీద బిగుతుగా పరుచుకుంటుంది. మడత ఎక్కడి నుంచి వస్తుంది? బట్ట వేలాడితేనే మడత, పరిస్తే మడత రాదు. మగ్గం మీద సాగదీసిన పడుగు చూడు, దాని మీద ఎక్కడైనా మడత ఉంటుందా? కాబట్టి నీకు రేకు డబ్బాలాగా కనిపించింది గీసినాయన తప్పు కాదు, ఆయన సరిగ్గా గీశాడు. చేతులు, భుజాల దగ్గర చూడు, అక్కడ బట్ట వదులుగా ఉంటే మడతలు వేసే ఉంటాడు.

నేను ఏ బొమ్మ చూసినా ముఖం తర్వాతే చూస్తాను. ముందు బట్ట ఎక్కడ వేలాడుతోంది, ఎక్కడ పట్టి ఉంది, ఎక్కడ నేలను తాకుతోంది, ఈ మూడు చోట్లు. పట్టు అయితే మడత పదునుగా విరుగుతుంది, మెరుపు సన్నని గీతలాగా మడత కొన మీద కూర్చుంటుంది. నూలు అయితే మడత గుండ్రంగా ఉంటుంది. ఉన్ని అయితే లావుగా, బరువుగా, కొద్ది మడతలే పడతాయి. తెలిసిన చెయ్యి అయితే ఇంత చిన్న అట్ట మీద కూడా ఈ మూడింటినీ వేరు చేస్తుంది. తెలియని చెయ్యి అన్నింటికీ ఒకే మడత వేస్తుంది, పై నుంచి కిందికి నాలుగు గీతలు గీసి వదిలేస్తుంది. నీ 31 కార్డుల్నీ మగవాళ్ళు ఆడవాళ్ళు అని కాకుండా, మడతలు వేరువేరుగా ఉన్నవి ఒక కుప్ప, ఒకేలా ఉన్నవి ఒక కుప్ప పెట్టి చూడు.

ప్రెస్ అన్న చెప్పిన రిజిస్టర్ మాట చదివి నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే మా దగ్గరా అదే ప్రాణం. చిటికిలో దారాన్ని ముందే కట్టి రంగులో ముంచుతాం, నేసేటప్పుడు పడుగు మీది రంగు, పేక మీది రంగు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. దారం ఒక్క పోగు జరిగితే గీత అంచు పళ్ళుపళ్ళుగా చెదురుతుంది. మా దగ్గర ఆ కొద్దిపాటి చెదురే చేతిపని గుర్తు, అది చూసే అసలుదని నమ్ముతారు. వాళ్ళకు రాయి మీద అది తప్పు.

నీ కార్డుల్లో 1700ల నాటి గౌన్లు ఉంటే వాటి మీద పూలు, తీగలు ఉన్నాయేమో చూడు. మన మచిలీపట్నం వైపు నుంచి, కోరమాండల్ తీరం నుంచి పోయిన అద్దకం బట్టల కోసం ఇంగ్లండు ఆడవాళ్ళు పిచ్చిగా ఎగబడ్డారు, అక్కడి నేతగాళ్ళు గొడవ చేస్తే 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసి ఆపారు. అయినా ఆ పూల మోజు పోలేదు. ఏ కార్డు మీదైనా తెల్లటి నేల మీద వంకర తీగ, ఎర్ర పువ్వు కనిపిస్తే అది మన కలంకారీ అని నేను అననుగానీ, ఆ పువ్వు ఆ గౌను మీదికి ఎక్కడి నుంచి నడిచివచ్చిందో నాకు తెలుసు.

చివరగా ఒకటి. తెల్ల కాలర్‌ను రఫ్ అంటారు. సన్న నార బట్టను చాలా గజాలు కుచ్చులుగా పోసి కుడతారు. అది మెడ చుట్టూ అలా నిలబడేది గంజి వల్ల. 1560లలో నేటి బెల్జియం, నెదర్లాండ్స్ వైపు ఆడవాళ్ళు లండన్ వచ్చి గంజి పెట్టడం నేర్పారు, డబ్బు తీసుకుని నేర్పారు, అప్పటి నుంచే కాలర్లు అంత పెద్దవయ్యాయి. నువ్వేమో మీ పెద్దతాత దొరల బట్టలకు ఇస్త్రీ చేసేవాడని రాశావు. కంటోన్మెంట్ మెస్సుకు వచ్చే సిగరెట్ పెట్టెల్లో ఓడలు, పిట్టలు, క్రికెట్ ఆటగాళ్ళు, కోటలు ఎన్ని వచ్చి ఉంటాయి? ఆయన దాచింది బట్టల బొమ్మలు. ఇంగ్లిష్ చదవలేకపోతేనేం తమ్ముడూ, రోజంతా కాలర్లకు గంజి పెట్టే మనిషి ఆ కాలర్‌ను మనకంటే బాగా చదివి ఉంటాడు.


పాతసందుగ, నల్గొండ

అక్కా, మీ చివరి మాటలు మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, డబ్బా తెప్పించుకుని ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాడు.

ప్రకాశం బజార్‌లో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర అద్దం దొరికింది, అమ్మనన్నాడు గానీ రెండు రోజులు ఇచ్చాడు. ప్రెస్ అన్న చెప్పినట్టే రెండు రకాల చుక్కలూ ఉన్నాయి. వెనక కాగితం ఊడిపోయిన రెండింటిలో ఒకదాని మీద ముఖం అంతా చెదిరిన చుక్కలే, బుగ్గ మీద గులాబీ చుక్కలు చెవి వైపు పోతూపోతూ పల్చబడ్డాయి, దాని కింద లేత నీలం చుక్కలు కూడా ఉన్నాయి! ముఖంలో నీలం ఎందుకో మొదట అర్థం కాలేదు. అద్దం తీసేసి చూస్తే అది గడ్డం కింద నీడ. మామూలు కంటికి నీలం కనిపించనే కనిపించదు. ఇంకో కార్డులో ఎర్ర కోటు రంగు గీత దాటి వెంట్రుకంత కుడి వైపు జరిగింది, అంచున సన్నటి ఎర్ర గీత మిగిలిపోయింది. కిరాణా షాపు లైటు కింద ఒక్కటి కూడా మెరవలేదు.

అక్క చెప్పిన కుప్పలు కూడా పెట్టాను. బట్ట ఏదో తెలిసేలా మడతలు ఉన్నవి 19 అనిపించాయి, 12 నాకు తేలలేదు. తేలనివి మళ్ళీ చూడాలి, ఎందుకంటే లంగా విషయంలో నేను తప్పు అన్నది తప్పు కాదని తేలింది కదా, ఇప్పుడు ఒకటి బాగాలేదు అనడానికి భయంగా ఉంది.

వీటిని ఎలా దాచాలి సార్? మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టవచ్చా?


వనపర్తి మాస్టారు

రేకు డబ్బా వద్దు బాబూ, తుప్పు అంటుతుంది, వానాకాలం లోపల చెమ్మ పడుతుంది. ఉర్దూ పేపరు ముక్కను కూడా దాచు, కానీ విడిగా దాచు. న్యూస్ పేపర్లో ఆమ్లం ఉంటుంది, తగిలిన చోట అట్ట పసుపుపచ్చగా మారుతుంది. ఆర్కైవల్ అని అమ్మే పాలిప్రొపిలీన్ కవర్లు తీసుకో, పాత ఫొటో ఆల్బమ్‌లకు వాడే జిగట పేజీలు, మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. ఎండ తగలనీయకు. తడి గుడ్డతో తుడవడం, రబ్బరుతో రుద్దడం ఏదీ చేయకు, మురికి కూడా ఉండనీ. చెదపురుగులు, కాగితం తినే వెండిపురుగులు లేని ఎత్తైన చోట పెట్టు, గోడకు ఆనించకు. వెనక కాగితం ఊడిన రెండింటిని విసిరేయకు, బహుశా వాటి చరిత్రే ఎక్కువ.

ఇంకొక చిన్న పని. కత్తి ఉన్న మగవాళ్ళను చూడు. కుడిచేతి వాటం మనిషి కత్తి ఎడమ తుంటికి వేలాడాలి. రాయి మీద బొమ్మ అద్దంలోలాగా తిరగేసి గీయాలి. పాత బొమ్మ చూసి తిరగేయకుండా అలాగే రాయి మీదికి దించితే అచ్చులో కత్తి కుడి వైపుకు వచ్చేస్తుంది. అలాంటిది కనిపిస్తే ఆ బొమ్మ ఇంకో బొమ్మ నుంచి పుట్టి ఉండవచ్చు.


రంగులప్రెస్, మహబూబ్‌నగర్

నీలం చుక్క పట్టుకున్నావు చూడు, అది చాలామంది ప్రెస్ కుర్రాళ్ళకు కూడా కనబడదు. అద్దం తిరిగి ఇచ్చేముందు ఆ ముఖం ఫొటో తీసి ఇక్కడ పెట్టు తమ్ముడూ.


పాతసందుగ, నల్గొండ

ఆదివారం మిర్యాలగూడ వెళ్ళి వచ్చాను. మా బాబాయి, పెద్దతాత చిన్న కొడుకు, అక్కడ ఇస్త్రీ షాపు నడుపుతున్నాడు, ఇప్పటికీ బొగ్గుల పెట్టే. రఫ్ గురించి, గంజి గురించి నేను ఏమీ చెప్పలేదు, కావాలనే చెప్పలేదు. కార్డు, అద్దం చేతికిచ్చి ఊరుకున్నాను.

చాలాసేపు చూశాడు. గిరాకీ వచ్చి నిలబడితే కాసేపు ఆగమన్నాడు. తర్వాత కాలర్ మీద వేలు పెట్టకుండా గాల్లోనే వేలు తిప్పుతూ అన్నాడు, ఇది పెట్టెతో చేసేది కాదురా, పెట్టె ఈ సందుల్లోకి పోదు, గంజి తడి ఆరకముందే ఒక్కో కుచ్చులో వేడి కడ్డీ దూర్చి గుండ్రంగా తిప్పాలి, ఒకటి చల్లబడేలోపు ఇంకో కడ్డీ నిప్పుల్లో ఉండాలి, ఇద్దరు మనుషుల పని అని. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే ఆ రోజుల్లో రఫ్ కుచ్చులు నిలబెట్టడానికి ఇనుప కడ్డీలు కాల్చి వాడేవారని దొరికింది, వాటికి పోకింగ్ స్టిక్స్ అని పేరు కూడా ఉంది.

అక్కా, మీరడిగిన పూల గౌను ఒకటి ఉంది, తెల్ల నేల మీద ఎర్ర పువ్వు, ఫొటో రాత్రి పెడతాను. మాస్టారు గారూ, కత్తులు ఏడు చూశాను, ఏడూ ఎడమ వైపే ఉన్నాయి. కార్డులు కవర్లలో పెట్టాను. ఆ రఫ్ కార్డు మాత్రం మా దగ్గర లేదు, బాబాయి అడిగాడు, ఇచ్చి వచ్చాను.